మాటలకు అర్థాలు వెతికిన బ్రౌన్

ఈ పాఠం ఎందుకు?

కొత్త ఇంగ్లీషు మాట ఎదురైతే మనలో చాలామంది ముందుగా పక్కవారిని అడుగుతారు. దీన్ని తెలుగులో ఏమంటారని అడిగి, జవాబు దొరికితే రాసుకుంటారు. దొరకకపోతే ఆ మాటను వదిలేసి ముందుకు వెళ్తారు. అలా వదిలేసిన మాటలు పోగుపడినకొద్దీ ఇంగ్లీషు మన వల్ల కాదనే భయం పెరుగుతుంది.

సుమారు 200 సంవత్సరాల క్రితం ఇదే ఇబ్బంది ఒక ఇంగ్లీషు యువకుడికి తెలుగు విషయంలో కలిగింది. అతడి చేతిలో మంచి నిఘంటువు లేదు. అందుకని ఒక్కొక్క మాటను విడదీసి చూశాడు, కలిపి చూశాడు, జనం నోట విన్నాడు. చివరికి తానే నిఘంటువు తయారుచేశాడు. అతడే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఈ పాఠంలో ముందు అతడి జీవితం చదువుతారు. తరువాత అతడు నడిచిన దారిలోనే ఇంగ్లీషు మాటలను విడదీసి అర్థం చేసుకోవడం నేర్చుకుంటారు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

1. బ్రౌన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
2. ఒక భాషలోని మాటకు మరో భాషలో అర్థం రాయడం ఎందుకు కష్టమో వివరించగలుగుతారు.
3. ఇంగ్లీషు మాటల మధ్య వచ్చే చిన్న అడ్డగీత, అంటే హైఫన్, చేసే పనిని గుర్తించగలుగుతారు.
4. కొత్త ఇంగ్లీషు మాటను భాగాలుగా విడదీసి, దాని అర్థాన్ని ఊహించి సరిచూసుకోగలుగుతారు.

1. బాల్యం, చదువు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలు తెలిసిన పండితుడు. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో పెద్ద పదవిలో ఉండేవాడు. ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు. కొడుకుకు చిన్ననాడే పరాయి భాషలు నేర్చుకునే అలవాటు తండ్రి వల్లనే అబ్బింది.

1812లో తండ్రి మరణించాడు. కుటుంబం ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడానికి హెయిలీబరీ అనే చోట ఒక కళాశాల నడిపేది. బ్రౌన్ అక్కడ చదివి 1817 ఆగస్టులో మద్రాసుకు వచ్చాడు. అప్పటికి అతడికి నిండా 19 సంవత్సరాలు లేవు.

మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాలలో కొత్తగా వచ్చిన ఉద్యోగులు దేశభాషలు నేర్చుకోవాలి. బ్రౌన్‌కు తెలుగు నేర్పిన గురువు వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో బ్రౌన్ పరీక్ష గట్టెక్కాడు. అదే సంవత్సరం థామస్ మన్రో మద్రాసు గవర్నరు అయ్యాడు. ప్రజలను పాలించేవారికి ప్రజల భాష రావాలని మన్రో పట్టుబట్టేవాడు. ఆ కాలంలోనే బ్రౌన్‌ను కడప కలెక్టరుకు సహాయకుడిగా పంపారు.

బ్రౌన్ తెలుగు మీద ప్రేమతో ఓడ ఎక్కి రాలేదు. శిస్తు వసూలు చేసి, తగాదాలు తీర్చే కంపెనీ ఉద్యోగిగానే వచ్చాడు. ఉద్యోగం కోసం మొదలుపెట్టిన భాష తరువాత అతడి జీవితాన్నే ఆక్రమించింది.

2. ఖాళీలు లేని రాత

పరీక్షలో నెగ్గడం వేరు, భాష రావడం వేరు. కడప చేరాక బ్రౌన్‌కు ఇది తెలిసివచ్చింది. కచ్చేరీకి వచ్చిన రైతు మాట్లాడే తెలుగు ఒకటి. పండితుడు చదివే కావ్యంలోని తెలుగు మరొకటి. అర్జీలలోనూ లెక్కలలోనూ ఉండే తెలుగు ఇంకొకటి. అందులో పారసీ, హిందుస్తానీ మాటలు కలగలిసి ఉండేవి.

అప్పటికి తెలుగు నేర్చుకునే పరదేశీయులకు పుస్తకాలు అసలే లేవని కాదు. ఎ.డి. కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం 1816లోను, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1821లోను అచ్చయ్యాయి. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక అనే నిఘంటువు సిద్ధం చేశాడు. ఇవి మొదటి మెట్లు. అయితే పద్యం చదివి అర్థం చేసుకోవాలన్నా, ఊళ్ళో మాట విని రాసుకోవాలన్నా అవి చాలలేదు.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. ఆనాటి తెలుగు పుస్తకాలు ఎక్కువగా తాటాకుల మీద గంటంతో రాసినవి. తాటాకు మీద రాసేవారు మాటకు మాటకు మధ్య చోటు వదిలేవారు కారు. అక్షరాలన్నీ వరుసగా ఒకే గొలుసులా సాగిపోయేవి. పైగా తెలుగులో సంధి ఉంది. రెండు మాటలు కలిసినప్పుడు మధ్య ఉన్న అచ్చు జారిపోతుంది. ఒక ఉదాహరణ చూడండి:

రాముడడవికేగెను

తెలుగు తెలిసినవారు దీన్ని ఇట్టే విడదీస్తారు: రాముడు + అడవికి + ఏగెను. తెలియనివారికి ఒక మాట ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో తెలియదు. నిఘంటువు దగ్గర ఉన్నా ఏ అక్షరం కింద వెతకాలో తెలియదు. ఇలా మాటలను విడదీసి చూపడాన్ని పదచ్ఛేదం అంటారు. బ్రౌన్ తెలుగు చదువులో మొదటి పాఠం ఇదే. ముందు మాటను విడదీయాలి, ఆ తరువాతనే అర్థం వెతకాలి.

3. వేమన దారి చూపాడు

1822లో బ్రౌన్ మచిలీపట్నానికి, అక్కడి నుంచి రాజమండ్రికి బదిలీ అయ్యాడు. 1824లో అతడు ఫ్రెంచి మతాచార్యుడు డుబాయ్ రాసిన పుస్తకంలో వేమన గురించి చదివాడు. వేమన పద్యాలు చిన్నవి. అందులోని మాటలు జనం వాడేవి. పెద్ద కావ్యాల ముందు నిలబడి తికమకపడుతున్న బ్రౌన్‌కు ఇది తగిన తలుపు అనిపించింది.

వెంటనే వేమన పద్యాల తాళపత్ర ప్రతులను సేకరించడం మొదలుపెట్టాడు. ఒక్కో ఊళ్ళో ఒక్కో ప్రతి దొరికింది. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరో ప్రతిలో లేదు. ఉన్నచోట కూడా మాటలు తేడాగా ఉన్నాయి. బ్రౌన్ పండితులను దగ్గర కూర్చోబెట్టుకుని ప్రతులన్నీ పోల్చి, ఏ పాఠం సరైనదో నిర్ణయించేవాడు. 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1839లో వచ్చిన పుస్తకంలో ఆ సంఖ్య 1,164కు చేరింది. పండితులు చాలామంది పట్టించుకోని వేమనకు ఈ ప్రచురణలు కొత్త గౌరవం తెచ్చాయి.

4. కడప బంగళాలో పని

1826లో బ్రౌన్ మళ్ళీ కడపకు వచ్చాడు. అక్కడ తోటతో ఉన్న ఒక బంగళా కొన్నాడు. అందులో పండితులకు, రాయసగాళ్ళకు చోటు ఇచ్చి, తన జీతం నుంచి వారికి జీతాలు ఇచ్చాడు. జనం ఆ ఇంటిని బ్రౌన్ కాలేజీ అని పిలిచేవారు.

అక్కడ జరిగే పని ఇలా ఉండేది. మనుషులను ఊళ్ళకు పంపి తాటాకు పుస్తకాలు తెప్పించేవారు. రాయసగాళ్ళు వాటిని కాగితం మీద ఎత్తి రాసేవారు. పండితులు ఒక ప్రతితో మరొకటి పోల్చి తప్పులు దిద్దేవారు. కఠినమైన మాటలకు అర్థాలు రాసేవారు. బ్రౌన్ వాటిని చదివి, సందేహం వచ్చినచోట మళ్ళీ అడిగేవాడు. ఆ తరువాతనే అచ్చుకు సిద్ధమైన ప్రతి తయారయ్యేది.

ఈ పనిలో బ్రౌన్ పేరు ఒక్కటే చెప్పుకుంటే న్యాయం కాదు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి వంటి పండితులు వేరువేరు కాలాల్లో అతడితో కలిసి పనిచేశారు. అప్పయ్య వ్యాఖ్యానంతో వసుచరిత్ర 1844లో అచ్చయింది. 1851లో మనుచరిత్ర వెలువడింది. డబ్బు, పట్టుదల, క్రమం బ్రౌన్‌వి. మాటల లోతు తెలిసిన చెవి ఆ పండితులది. రెండూ కలిసినందువల్లనే ఆ పుస్తకాలు మనకు దక్కాయి.

బ్రౌన్ కడపలోనూ మచిలీపట్నంలోనూ పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు కూడా నడిపాడు. వీటన్నింటికీ జీతం చాలక అప్పులు చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. సంపాదన చాలావరకు పుస్తకాలకే ఖర్చయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి (1)

అ) పదచ్ఛేదం అంటే ఏమిటి?
ఆ) తాళపత్రాలు చదవడంలో బ్రౌన్‌కు ఎదురైన రెండు చిక్కులు ఏవి?
ఇ) కడప బంగళాలో తాటాకు ప్రతి అచ్చుకు సిద్ధం కావడానికి ఏయే దశలు దాటేది?

5. ఒక మాట బరువు

మాటకు సరైన అర్థం వెతకడం పండితుల కాలక్షేపం మాత్రమే అని ఎవరైనా అనుకోవచ్చు. 1832-33లో గుంటూరు సీమలో జరిగినది చదివితే అలా అనిపించదు. వానలు లేక పంటలు పోయాయి. తిండి లేక జనం దారుల వెంట పడి చనిపోయారు. ఆ ఒక్క సీమలోనే లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. నందన నామ సంవత్సరంలో వచ్చినందువల్ల దాన్ని నందన కరువు అన్నారు.

అప్పుడు బ్రౌన్ ఆ ప్రాంతంలోనే ఉద్యోగంలో ఉన్నాడు. పరిస్థితిని పై అధికారులకు రాయాలి. ఇంగ్లీషులో దీనికి రెండు మాటలు ఉన్నాయి. ఒకటి స్కేర్సిటీ, అంటే కొరత. రెండోది ఫామిన్, అంటే కరువు. బజారులో బియ్యం తక్కువగా ఉంటే కొరత. బియ్యం లేక మనిషి చనిపోతే కరువు. పై అధికారులకు ఫామిన్ అనే మాట ఇష్టం లేదు. అయినా బ్రౌన్ ఆ మాటనే వాడాడు.

ఆ తేడా వల్ల వచ్చే ఫలితాన్ని ఆలోచించండి. కాగితం మీద కొరత అని ఉంటే శిస్తు వసూలు ఆపవలసిన పని అంతగా కనిపించదు. కరువు అని ఉంటే ప్రభుత్వం కదలవలసి వస్తుంది. ఒక మాటకు బదులు మరో మాట రాస్తే, చనిపోతున్న మనుషులు లెక్కలోంచి తప్పిపోతారు. మాట అర్థం తెలిసిన మనిషి అబద్ధం రాయడానికి వెనుకాడతాడు. బ్రౌన్ జీవితంలో గుర్తుంచుకోదగిన ఘట్టం ఇది.

6. పోయిన ఉద్యోగం, దొరికిన గ్రంథాలు

1834లో బ్రౌన్ ఉద్యోగం పోయింది. ఆ తరువాత అతడు ఇంగ్లండుకు వెళ్ళాడు. చేతిలో పని లేని ఆ కాలాన్ని కూడా తెలుగుకే వాడుకున్నాడు. లండనులో కంపెనీ గ్రంథాలయంలో దక్షిణ దేశానికి చెందిన తాళపత్ర గ్రంథాలు ఎన్నో పడి ఉన్నాయి. అక్కడ వాటిని చదవగలవారు అరుదు. బ్రౌన్ వాటిని పరిశీలించాడు. సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ సహాయం అతడికి లభించింది. ఆ గ్రంథాలు మద్రాసుకు తిరిగి రావడానికి బ్రౌన్ చేసిన ప్రయత్నమే కారణం.

1837లో కంపెనీలో పారసీ అనువాదకుడి ఉద్యోగంతో బ్రౌన్ మద్రాసుకు తిరిగివచ్చాడు. తరువాత మద్రాసు పోస్ట్‌మాస్టర్ జనరల్ పదవిలోనూ పనిచేశాడు. తాను సేకరించిన రెండు వేలకు పైగా వ్రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చివేశాడు. అవి తరువాత మద్రాసులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి.

7. నిఘంటువు పుట్టింది

1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1852లో అతడి ఇంగ్లీషు-తెలుగు, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులు మద్రాసులో వెలువడ్డాయి. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు వేరుగా ఒక నిఘంటువును 1854లో ప్రచురించాడు. అర్జీ, వకీలు, రసీదు, దస్తావేజు వంటి కచ్చేరీ మాటలు తెలియక మోసపోయే రైతును తలచుకుంటే ఆ పుస్తకం అవసరం మనకు తెలుస్తుంది.

ఒక భాషలోని మాటకు మరో భాషలో అర్థం రాయడం మాటకు మాట మార్చుకోవడం కాదు. బ్రదర్ అనే ఇంగ్లీషు మాట తీసుకోండి. తెలుగులో అన్న వేరు, తమ్ముడు వేరు. అత్త అనే తెలుగు మాట తీసుకోండి. మేనత్త కావచ్చు, మేనమామ భార్య కావచ్చు, భార్య తల్లి లేదా భర్త తల్లి కావచ్చు. ఇంగ్లీషువారు మొదటి ఇద్దరినీ ఆంట్ అంటారు. చివరి ఇద్దరినీ మదర్-ఇన్-లా అంటారు. ఎంగిలి అనే మాటకు ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపోయే అర్థమే దొరకదు. దాన్ని వాక్యంతో వివరించవలసిందే.

అందువల్ల నిఘంటుకారుడు ఒక మాట కింద ఒకే అర్థం రాసి ఊరుకోలేడు. ఏ సందర్భంలో ఏ అర్థం వస్తుందో చూపాలి. బ్రౌన్ కావ్యాల నుంచి ఉదాహరణలు తీసుకున్నాడు. జనం మాట్లాడే మాటలకు కూడా పండితుల మాటలతో సమానంగా చోటు ఇచ్చాడు. చేప అనే మాటలోని చకారం, చాప అనే మాటలోని చకారం పలకడంలో ఒకటి కావు. ఈ తేడా చూపడానికి అతడు ౘ, ౙ అనే గుర్తులతో అచ్చువేయించాడు. 1855లో అచ్చయిన తాతాచార్ల కథలలోనూ వాడుక భాష కనిపిస్తుంది.

8. చివరి రోజులు

ఆరోగ్యం చెడి 1855లో బ్రౌన్ ఉద్యోగం మానుకుని ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ తెలుగుదేశం చూడలేదు. అయినా తెలుగు వదలలేదు. 1857లో వ్యాకరణాన్ని సరిదిద్ది రెండోసారి అచ్చువేశాడు. లండనులోని యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశాడు. తన సాహిత్య జీవితాన్ని గురించి తానే ఒక చిన్న పుస్తకం రాసుకున్నాడు. 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశాడు. అప్పటికి అతడికి 86 సంవత్సరాలు.

నిఘంటువు అతడితో ఆగిపోలేదు. మాటలు పెరుగుతూ ఉంటాయి, కొన్ని పాతబడతాయి. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ఎం. వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. కాంబెల్, కందుకూరి వీరేశలింగం సవరించగా 1903లో రెండో ముద్రణ వచ్చింది. నేటికీ అది వాడుకలో ఉంది. కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో గ్రంథాలయం ఏర్పడింది. అది ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా పనిచేస్తోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి (2)

అ) ఫామిన్, స్కేర్సిటీ అనే మాటలకు తేడా ఏమిటి?
ఆ) అత్త అనే మాటకు ఇంగ్లీషులో ఒకే అర్థం రాస్తే వచ్చే లోపం ఏమిటి?

9. భాషాంశం: ఇంగ్లీషు మాటలు, హైఫన్

బ్రౌన్ తెలుగు నేర్చుకున్న దారిలో మూడు మెట్లు ఉన్నాయి: మాటను విడదీయడం, భాగాలు ఎలా కలిశాయో చూడడం, వాడుకతో సరిచూసుకోవడం. ఇంగ్లీషు మాటలకు కూడా ఈ మూడు మెట్లు పనికివస్తాయి.

మొదటి మెట్టు: విడదీయండి.

ఢిల్లీలో ఉండే మన తెలుగువారికి సరోజినీ నగర్ బజారు బాగా తెలుసు. హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు పేరు ఆ పేటకు పెట్టారు. అక్కడ పరదేశాలకు పంపగా మిగిలిన బట్టలు చౌకగా దొరుకుతాయని ప్రసిద్ధి. అటువంటి బట్టల గురించి చెప్పేటప్పుడు ఎక్స్‌పోర్ట్ అనే మాట వింటాం. దాన్ని విడదీయండి: ఎక్స్ + పోర్ట్. లాటిను భాష నుంచి వచ్చిన ఈ మాటలో ఎక్స్ అంటే బయటికి, పోర్ట్ అంటే మోయడం. బయటికి మోసుకుపోవడం, అంటే ఎగుమతి. ఇప్పుడు ఇంపోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్టర్ అనే మాటలు చూడండి. లోపలికి మోయడం దిగుమతి. ఒకచోటి నుంచి మరోచోటికి మోయడం రవాణా. మోసేవాడు కూలీ. ఒక్క భాగం తెలిస్తే నాలుగు మాటలు తెలిశాయి.

రెండో మెట్టు: ఎలా కలిశాయో చూడండి.

ఇంగ్లీషులో రెండు భాగాలు కలిసి ఒకే మాటగా పనిచేస్తున్నాయని చూపడానికి మధ్య చిన్న అడ్డగీత పెడతారు. అదే హైఫన్. ఈ పేరు గ్రీకు భాష నుంచి వచ్చింది. దాని అర్థం ఒక్కటిగా అని. పూర్వం గ్రీకు రాతలో కూడా, మన తాటాకుల్లో వలె, మాటల మధ్య చోటు ఉండేది కాదు. రెండు భాగాలను కలిపి చదవాలని చూపడానికి అక్షరాల కింద ఒక వంపు గీత గీసేవారు. అదే హైఫన్‌కు మూలం.

హైఫన్ ఉంటే ఒక అర్థం, లేకపోతే మరో అర్థం రావచ్చు. కొన్ని ఉదాహరణలు:

ఎక్స్-సర్వీస్‌మన్: ఇక్కడ ఎక్స్ తరువాత హైఫన్ ఉంది. మాజీ అని అర్థం. మాజీ సైనికుడు. ఎక్స్‌పోర్ట్‌లో హైఫన్ లేదు. అక్కడ బయటికి అని అర్థం.

రీ-కవర్: హైఫన్ ఉంటే మళ్ళీ కప్పడం, పుస్తకానికి కొత్త అట్ట వేయడం వంటిది. హైఫన్ లేకుండా రికవర్ అని రాస్తే కోలుకోవడం, లేదా పోయినదాన్ని తిరిగి రాబట్టడం.

రీ-సైన్: మళ్ళీ సంతకం చేయడం. హైఫన్ తీసేస్తే ఇంగ్లీషులో అవే అక్షరాలు రిజైన్ అవుతాయి. అంటే ఉద్యోగానికి రాజీనామా చేయడం. అడ్డగీత మరిచిపోయి ఉత్తరం రాస్తే ఎంత ప్రమాదమో ఊహించండి.

ట్వెంటీ టూ-రూపీ నోట్స్: హైఫన్ టూ, రూపీ అనే మాటల మధ్య ఉంది. రెండు రూపాయల నోట్లు ఇరవై. మొత్తం 40 రూపాయలు.

ట్వెంటీ-టూ రూపీ నోట్స్: హైఫన్ ట్వెంటీ, టూ అనే మాటల మధ్య ఉంది. రూపాయి నోట్లు ఇరవై రెండు. మొత్తం 22 రూపాయలు. గీత ఒక్క మాట పక్కకు జరిగితే 18 రూపాయల తేడా వచ్చింది.

హైఫన్‌కు మరో పని కూడా ఉంది. ఇంగ్లీషు పత్రికలో ఒక పెద్ద మాట వరస చివర పట్టకపోతే దాన్ని రెండుగా విరిచి, మొదటి ముక్క చివర హైఫన్ పెట్టి, మిగిలినది కింది వరసలో వేస్తారు. ట్రాన్స్- అని పై వరసలోను, పోర్ట్ అని కింది వరసలోను కనిపిస్తే అవి రెండు మాటలు కావు. వరస చివర హైఫన్ కనిపించగానే కింది వరసలోని ముక్కతో కలిపి చదవండి. మాటను ఎక్కడ పడితే అక్కడ విరవకూడదు. పలికేటప్పుడు సహజంగా ఆగేచోట గాని, రెండు భాగాలు కలిసిన చోట గాని విరవాలి. సందేహం వస్తే నిఘంటువు చూడాలి. చాలా నిఘంటువులు ఆ చోట్లను చుక్కలతో చూపుతాయి.

మూడో మెట్టు: వాడుకతో సరిచూసుకోండి.

విడదీయడం అన్నిచోట్లా చాలదు. బటర్‌ఫ్లై అనే మాటను విడదీస్తే వెన్న + ఈగ అవుతుంది. దానితో అర్థం రాదు. అది సీతాకోకచిలుక. మన మాటను విడదీసినా సీత + కోక + చిలుక అవుతుంది. ఎగిరే ఆ పురుగు అందులో కనిపించదు. పాలకూరలో పాలు ఉండవు. అలాగే పోర్ట్ అనే మాటకు ఓడరేవు అనే అర్థం కూడా ఉంది. పోర్టర్ అనే మాటలో ఆ అర్థం పెట్టుకుంటే దారి తప్పుతాం. కాబట్టి భాగాలను బట్టి ఊహించండి, వాక్యంలో పెట్టి చూడండి, చివరికి నిఘంటువుతో సరిచూడండి.

సారాంశం

కంపెనీ ఉద్యోగిగా వచ్చిన బ్రౌన్ పండితుల సహాయంతో తెలుగు మాటలను విడదీసి, పోల్చి, జనం వాడుకలో పరీక్షించి నిఘంటువులు తయారుచేశాడు. వేమన పద్యాలను, కావ్యాలను అచ్చుకు ఎక్కించాడు. కరువును కరువనే రాశాడు. పరాయి భాష అతడికి ఒక్కరోజులో రాలేదు. 1817లో మొదలుపెట్టిన చదువు 1852లో నిఘంటువుగా పండింది. మీరు రోజుకు రెండు ఇంగ్లీషు మాటలను ఈ పద్ధతిలో విడదీసి నోటు పుస్తకంలో రాసుకుంటే, సంవత్సరంలో 700కు పైగా మాటలు మీ సొంతమవుతాయి. అది మీరు తయారుచేసుకున్న మీ నిఘంటువు.

చేసి చూడండి

1. ప్రీ-పెయిడ్, సబ్-ఇన్‌స్పెక్టర్, నాన్-వెజ్ అనే మాటలను విడదీసి అర్థాలు రాయండి.
2. మీ వీధిలోని దుకాణాల బోర్డుల మీద హైఫన్ ఉన్న మాటలు ఐదు వెతికి, వాటి అర్థాలు రాయండి.
3. మీ ఊళ్ళో వాడే తెలుగు మాట ఒకటి తీసుకుని, దాన్ని తెలుగు రానివారికి మూడు వాక్యాల్లో వివరించండి.

జవాబులు

పరీక్షించుకోండి (1): అ) కలిసి ఉన్న మాటలను విడివిడిగా చూపడం. ఆ) మాటల మధ్య చోటు లేకపోవడం, సంధి వల్ల అక్షరాలు మారిపోవడం. ఇ) తాటాకు ప్రతిని తెప్పించడం, కాగితం మీద ఎత్తి రాయడం, ప్రతులను పోల్చి దిద్దడం, అర్థాలు రాయడం, బ్రౌన్ చదివి సందేహాలు తీర్చుకోవడం.

పరీక్షించుకోండి (2): అ) స్కేర్సిటీ అంటే కొరత; ఫామిన్ అంటే తిండి లేక జనం చనిపోయే కరువు. ఆ) మేనత్త, మేనమామ భార్య, భార్య తల్లి, భర్త తల్లి అనే వేరువేరు బంధుత్వాలలో కొన్ని తప్పిపోతాయి.

చేసి చూడండి 1: ప్రీ (ముందుగా) + పెయిడ్ (చెల్లించిన): ముందే డబ్బు కట్టినది. సబ్ (కింది) + ఇన్‌స్పెక్టర్: ఇన్‌స్పెక్టరుకు కింది అధికారి. నాన్ (కాని) + వెజ్ (శాకాహారం): మాంసాహారం.